జూన్‌లో వేరే కోచ్ వస్తున్నాడట

చిన్నా,

నువ్వక్కడ వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను, కానీ మ్యాచులు దగ్గరపడితే నీకు అన్నం ధ్యాస ఉండదని నీ ఎనిమిదో క్లాసు నుంచీ చూస్తున్నవాణ్ణి కాబట్టి గట్టిగా నమ్మలేకపోతున్నాను. మొన్న మీ అమ్మ చెప్పింది, వచ్చే జూన్ నుంచి మీ స్కూలుకి వేరే కోచ్ వస్తున్నాడని, ఆ మాట నీకు ఇప్పుడే చెప్పేశారని, ఫిబ్రవరి టోర్నమెంటుకి మాత్రం పిల్లల్ని నువ్వే తయారుచేయాలన్నారని. వినగానే మనసు చివుక్కుమంది. ఫోన్ చేద్దామనుకుని ఆగాను. ఫోన్లో అయితే "బాగానే ఉన్నాను మామయ్యా" అని పెట్టేస్తావు, చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతున్నా ఇదే మాట అనేవాడివి. అందుకే ఉత్తరం.

నీకు యుప్ హైంకెస్ గురించి చెప్పాలని ఉంది నాన్నా. బయర్న్ మ్యూనిక్‌కి కప్పులు తెచ్చిపెట్టిన ముసలాయనగా నీకు తెలుసు గానీ, అంతకు ముందు ఆయన ఎన్నిసార్లు పడి లేచాడో నీ ఈడు పిల్లలకి తెలిసుండదు. ఆయనది జర్మనీలో మొన్‌చెన్‌గ్లాడ్‌బాఖ్ అనే ఊరు. 1945 మే 9న పుట్టాడు, అంటే ఐరోపాలో యుద్ధం ముగిసిన మర్నాడు. తండ్రి కమ్మరి. పదిమంది పిల్లల్లో ఈయన తొమ్మిదోవాడు. అప్పటి కూలిపోయిన ఊళ్ళలో గోడలు కట్టేవాళ్ళకి పని దొరికేది, ఈయనా ప్లాస్టరింగ్ పని నేర్చుకున్నాడు, ఆ చేతిపనితో పాటే ఫుట్‌బాలూ ఆడాడు. సొంతూరి క్లబ్బు బొరూసియాలో హెన్నెస్ వైస్‌వైలర్ అనే కోచ్ దగ్గర పెరిగాడు. మధ్యలో మూడేళ్ళు హానోవర్‌కి ఆడి తిరిగి ఇంటికే వచ్చాడు. బుండెస్‌లీగాలో 369 మ్యాచులు, 220 గోల్స్. సొంతూరి క్లబ్బుతో నాలుగుసార్లు లీగు గెలిచాడు, 1974లో ప్రపంచ కప్పు గెలిచిన పశ్చిమ జర్మనీ జట్టులో ఉన్నాడు.

ఇవన్నీ ఎక్కడైనా దొరికే సంగతులే. నేను నీకు తీరిగ్గా చెప్పాలనుకున్నది ఒక రోజు సంగతి. 1978 ఏప్రిల్ 29, లీగు ఆఖరి రోజు. కొలోన్ జట్టుకీ హైంకెస్ ఆడే బొరూసియాకీ పాయింట్లు సమానం, గోల్స్ తేడాలో మాత్రం కొలోన్‌కి పది ఎక్కువ ఉన్నాయి. పది గోల్స్ ఎవరు పూడుస్తారు? అయినా వీళ్ళు డార్ట్‌మండ్ మీద మొదటి నిమిషం నుంచే పూడ్చడం మొదలుపెట్టారు. సగం ఆటకి ఆరు గోల్స్, ఆట ముగిసేసరికి పన్నెండు. అందులో అయిదు హైంకెస్‌వి. అవతల కొలోన్ కూడా తన మ్యాచిని 5-0తో గెలిచింది, మూడంటే మూడు గోల్స్ తేడాతో కప్పు ఎత్తుకుపోయింది. బుండెస్‌లీగాలో ఆటగాడిగా హైంకెస్‌కి అదే చివరి మ్యాచి. ముప్ఫై మూడేళ్ళు నిండబోతున్న మనిషి, వెళ్ళిపోయే రోజున అయిదు గోల్స్ కొట్టి, గెలిచి, కప్పు లేకుండా ఇంటికెళ్ళాడు.

ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు నీ మోకాలి లిగమెంటు తెగిన ఏడాది గుర్తొస్తుంది, ఇక పెద్ద ఆటలు వద్దని డాక్టరు చెప్పిన మర్నాడు నువ్వు కట్టుతోనే గ్రౌండుకొచ్చి, స్టోర్‌రూము గడప మీద కాలు చాపుకుని కూర్చుని, చిన్నపిల్లల బంతులన్నిటికీ పంపుతో గాలి కొట్టి పెట్టావు చూడు, ఎవరూ చెప్పకుండానే, అదీ, తర్వాత ఆ గొర్రెల కాపరుల పిల్లాడికి నీ బూట్లు ఇచ్చేసి మీ అమ్మతో "చిన్నవైపోయాయి" అని అబద్ధం చెప్పావు, అదీ. అవి చిన్నవైపోలేదు. నాకు తెలుసు, మీ అమ్మకీ తెలుసు. నువ్వు కోచ్‌వి అవుతావని నేను అనుకున్నది ఆ ఏడాదే.

హైంకెస్ 1979లో సొంత క్లబ్బుకే కోచ్ అయ్యాడు. అప్పట్లో కోపం వస్తే మొహం ఎర్రగా వెలిగిపోయేదని కుర్రాళ్ళు ఆయనకి ఆస్రామ్ బల్బు పేరు పెట్టారు, ఆ పేరు ఆ తర్వాత ఆయన్ని వదల్లేదు. బయర్న్‌కి వెళ్ళి 1989లో, 1990లో వరసగా లీగు గెలిపించాడు. 1991లో ఓటములు రాగానే తీసేశారు. తీసేసిన ఉలీ హొనెస్ తర్వాత తన జీవితంలో చేసిన పెద్ద తప్పు అదేనని నలుగురిలో ఒప్పుకున్నాడు. అక్కణ్ణుంచి స్పెయిన్‌లో బిల్బావో. మళ్ళీ జర్మనీకొచ్చి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నప్పుడు యెబోవా, ఒకోచా, గౌదీనో అని ముగ్గురు మంచి ఆటగాళ్ళతో పడలేదు. సరిగ్గా సాధన చేయడం లేదని అదనంగా పరుగు పెట్టమన్నాడు, వాళ్ళు మ్యాచికే రామన్నారు, చివరికి ఇద్దరు ఇంగ్లండ్ వెళ్ళిపోయారు, కొన్ని నెలలకి ఈయనా వెళ్ళిపోయాడు. నువ్వూ మొదటి ఏడాది ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఎండలో రౌండ్లు కొట్టించేవాడివి, ఇప్పుడు గేటు దగ్గర నిలబడి ఎందుకు ఆలస్యమైందిరా అని అడుగుతున్నావట. మీ అమ్మే చెప్పింది, చెబుతుంటే ఆవిడ గొంతులో ఎంత పొంగో.

1998లో రియల్ మాడ్రిడ్‌కి ఐరోపా కప్పు తెచ్చాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో యువెంటస్ మీద 1-0. ఆ కప్పు కోసం మాడ్రిడ్ 1966 నుంచీ, అంటే ముప్ఫై రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. తెచ్చిచ్చిన కొద్ది రోజులకే ఈయన పని ఊడింది, లీగులో నాలుగో స్థానం వచ్చిందని. తర్వాత లిస్బన్, మళ్ళీ బిల్బావో, షాల్కే, మళ్ళీ సొంతూరు, అన్నిచోట్లా అంతంతమాత్రమే; 2007లో సొంతూరి క్లబ్బు నుంచి తప్పుకున్నప్పుడు ఇక ఆయన పని అయిపోయిందనే అంతా అనుకున్నారు. 2009లో బయర్న్ చిక్కుల్లో పడి, సీజన్‌లో మిగిలిన అయిదు మ్యాచులకి రమ్మని పిలిస్తే వెళ్ళాడు. పిలిచింది ఎవరనుకున్నావు, పద్దెనిమిదేళ్ళ కింద తీసేసిన ఆ హొనెసే. ఇద్దరూ అప్పటికి స్నేహితులు. ఆ కోపాన్ని ఆయన ఎప్పుడు, ఎలా వదిలేశాడో నాకు అంతుపట్టదు గానీ, వదిలేశాడు కాబట్టే ఆ తర్వాతవన్నీ జరిగాయి.

ఇక నీ సంగతికి దగ్గరగా వస్తాను. 2012లో, మళ్ళీ ఆయన చేతికొచ్చిన బయర్న్ మూడు పోటీల్లోనూ రెండో స్థానంలోనే ఆగిపోయింది. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ సొంత స్టేడియంలోనే, చెల్సీ మీద, 88వ నిమిషం దాకా ముందుండి, చివరికి పెనాల్టీల్లో పోయింది. అదనపు సమయంలో బయర్న్ ఆటగాడు రాబెన్ కొట్టిన పెనాల్టీని గోలీ ఆపేశాడు, మూడు రోజుల తర్వాత అదే మైదానంలో నెదర్లాండ్స్ తరఫున ఆడితే సొంత అభిమానులే అతన్ని ఈలలేసి ఏడిపించారు. అలాంటి జట్టుని మళ్ళీ నిలబెడుతున్నాడు హైంకెస్, 2013 జనవరి వచ్చింది, సగం సీజన్ అయింది, పదహారో తేదీన క్లబ్బు ప్రకటించింది: వచ్చే ఏడాది కోచ్ పెప్ గార్డియోలా. ప్రపంచమంతా కొత్తాయన గురించే మాట్లాడింది. అరవై ఏడేళ్ళ ఈయన మాత్రం తన పని తాను చేసుకుపోయాడు.

ఆ ప్రకటన తర్వాత మిగిలిన పదిహేడు లీగు మ్యాచుల్లో పదహారు గెలిచారు చిన్నా, ఒకటి డ్రా. మనసు విరిగిన కోచ్ దగ్గర పిల్లలు అలా ఆడరు, అది నీకు నేను చెప్పక్కర్లేదు. రిబెరీ లాంటి దుడుకువాడు కూడా బంతి పోగానే వెనక్కి పరుగెత్తి డిఫెన్స్‌కి సాయం చేశాడు. బిల్బావో నుంచి కొత్తగా వచ్చిన హవీ మార్తీనెస్‌కి జర్మన్ రాదు, హైంకెస్ అతన్ని స్పానిష్‌లోనే పలకరించేవాడు. బార్సిలోనాని రెండు మ్యాచుల్లో కలిపి 7-0తో ఓడించారు. మే 25న వెంబ్లీలో డార్ట్‌మండ్ మీద 89వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టింది ఎవరో నీకు తెలుసు, ఆ రాబెనే. ఆ సీజన్‌లో చాలాకాలం బెంచీ మీదున్నాడు, క్రూస్‌కి దెబ్బ తగిలాక చోటు దొరికింది, దొరికేనాటికి సిద్ధంగా ఉన్నాడు. బెంచీ మీద కూర్చున్నవాణ్ణి సిద్ధంగా ఉంచడం కోచ్ చేసే పనుల్లో అన్నిటికన్నా కష్టమైనదని నా నమ్మకం. జూన్ 1న జర్మన్ కప్పు కూడా వచ్చింది. ఒకే ఏడాది మూడూ గెలవడం జర్మన్ పురుషుల క్లబ్బుకి అదే మొదలు.

వెంబ్లీ ఫైనల్‌కి వారం ముందు, మే 18న, లీగు ఆఖరి మ్యాచి పడింది ఎక్కడో తెలుసా, ఆయన సొంతూళ్ళో, తాను పెరిగిన క్లబ్బు మీదే. 3-1తో వెనకబడి 4-3తో గెలిచారు. తర్వాత విలేకరుల ముందు కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు, కళ్ళలో నీళ్ళు తిరిగి మాట రాలేదు. ఆటగాడిగా, కోచ్‌గా కలిపి బుండెస్‌లీగాలో వెయ్యికి పైగా మ్యాచులు చూసిన మనిషి. నువ్వూ జూన్‌లో ఏడుస్తావురా, ఏడిస్తే ఏడువు, పిల్లల ముందైనా పరవాలేదు.

2017లో బయర్న్ మళ్ళీ పిలిచింది. అప్పటికి డెబ్బై రెండేళ్ళు, భార్య ఐరిస్‌తో, కాండో అనే కుక్కతో పల్లెటూరి ఇంట్లో హాయిగా ఉన్నాడు. లీగులో అయిదు పాయింట్లు వెనకున్న జట్టుని తీసుకుని 21 పాయింట్ల ఆధిక్యంతో గెలిపించాడు. ఈసారీ తర్వాత వచ్చే కోచ్ ఎవరో ముందే చెప్పేశారు, నికో కొవాచ్ అని. కోచ్‌గా హైంకెస్ చివరి మ్యాచి జర్మన్ కప్పు ఫైనల్, ఎదుట కొవాచ్ శిక్షణలో ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్. ఆ మ్యాచి 3-1తో ఓడిపోయాడు.

అందుకని నిన్ను కప్పు తెమ్మని అడగను. ఒకటే అడుగుతాను. ఇప్పటి నుంచే ఒక నోటుబుక్కు పెట్టు. ఏ పిల్లాడికి ఏ కాలు బలం, ఎవడికి మడమ నొప్పి, ఎవడు పొద్దున్న తినకుండా వస్తాడు, ఎవణ్ణి అరిస్తే ఆడతాడు, ఎవణ్ణి అరిస్తే ముడుచుకుపోతాడు, అన్నీ రాయి, నీ కోడిగీతలతో కాకుండా గుండ్రంగా రాయి, జూన్‌లో వచ్చే ఆయన చేతికి నువ్వే స్వయంగా ఇవ్వు. టోర్నమెంటు తేదీలు ఖాయమవగానే తెలియజెయ్యి, నేనూ అత్తయ్యా ముందురోజే బయల్దేరతాం. వేళకి తిను.

ఇట్లు,
మీ మామయ్య