ముందు మీటరు, తరువాత పెట్టె

భద్రాచలం వంతెన దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. ఈ రెండు వరదలకూ మధ్య గడచిన 36 ఏళ్ళలో ఇళ్ళ ముందు నిలిచే కార్లు పూర్తిగా మారిపోయాయి. 1986లో అంబాసిడర్ కారు మునిగితే మెకానిక్ ప్లగ్గులు విప్పి తుడిచి, కార్బ్యురేటరు కడిగి, ఆయిలు మార్చి, నాలుగు రోజులు ఎండబెట్టి మళ్ళీ నడిపించేవాడు. ఇటీవలి కారుకు ఇవన్నీ చేసినా ఇంజను పలకకపోవచ్చు. అప్పుడు షెడ్డులో వినిపించే మాట ఒకటే: "ఈసీఎం పోయింది, మార్చాలి."

ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్ అనే మాటకు పొడి అక్షరాలే ఈసీఎం. చూడటానికి నోటుపుస్తకమంత లోహపు పెట్టె. లోపల ఒక సర్క్యూట్ బోర్డు, దానిమీద చిన్న కంప్యూటరు. కొన్ని పాత చిన్న కార్లలో దీన్ని డాష్‌బోర్డు కింద బిగించారు. అందుచేత నీళ్ళు సీటు దాటి వస్తే పెట్టెకూ తడి తప్పదు.

ఇది చేసే పనేమిటో ముందు చూద్దాం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. లెక్క కట్టి చూడండి: ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9 వేల లీటర్ల గాలి అన్నమాట! గాలి తక్కువైతే పెట్రోలు సగం కాలి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. పొగగొట్టంలో అమర్చే ఉత్ప్రేరక పాత్ర విష వాయువులను బాగా విరగగొట్టాలన్నా గాలి, పెట్రోలు ఈ నిష్పత్తికి దగ్గరగా ఉండవలసిందే. కార్బ్యురేటరు అంత ఖచ్చితంగా కలపలేదు. అమెరికాలో 1970లో వాయు కాలుష్య చట్టం కఠినమైన తరువాత ఆ పనిని ఎలక్ట్రానిక్ పరికరాలకు అప్పగించే ప్రయత్నాలు ఊపందుకున్నాయి. 1979లో జర్మనీకి చెందిన బాష్ కంపెనీ పెట్రోలును, నిప్పురవ్వను రెండింటినీ ఒకే పెట్టె నడిపే ఏర్పాటును బి.ఎం.డబ్ల్యు. కారులో పెట్టింది.

మనకు బాగా పరిచయమైన ఉదాహరణ మారుతి 800. 1983 డిసెంబరులో కార్బ్యురేటరుతో వచ్చిన ఈ కారుకు 2000 ప్రాంతంలో ఇంజెక్టర్లూ ఈసీఎమ్మూ వచ్చాయి. 2010 ఏప్రిల్‌లో కాలుష్య నిబంధనలు మరో మెట్టెక్కడంతో హైదరాబాదుతో సహా 13 నగరాల్లో దీని అమ్మకం ఆగిపోయింది. ఇతర ఊళ్ళలో మరికొన్నేళ్ళు సాగింది. 2014లో తయారీయే నిలిచిపోయింది. కనుక ఇలాంటి పాత కారుకు పెట్టె మార్చవలసివస్తే తరచు తుక్కు దుకాణాల్లో వెతుక్కోవలసిందే. వేల రూపాయల వ్యవహారం. నిజంగా పెట్టే చెడిందా అన్న ప్రశ్న అందుకే ముఖ్యం.

దీని మూడు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 50 సార్లు. నాలుగు ఘాతాల ఇంజనులో రెండు భ్రమణాలకొకసారి పెట్రోలు చిమ్మాలి. అంటే ఒక్కొక్క సిలిండరుకు సెకనుకు 25 సార్లు, మూడింటికీ కలిపి 75 సార్లు. ప్రతిసారీ ఇంజెక్టరు తెరుచుకుని ఉండేది సెకనులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. ఎంతసేపు తెరవాలో నిర్ణయించేది ఈసీఎం. లోపలికి వచ్చే గాలి పీడనం, నీటి వేడి, ఇంజను వేగం, పొగలో మిగిలిన ఆక్సిజను, ఇవన్నీ దానికి సెన్సార్లు చెబుతాయి. అది కళ్ళతో చూడదు, చేత్తో తాకదు. తీగలు మోసుకొచ్చిన వోల్టేజీయే దానికి తెలిసిన లోకం.

చిక్కంతా ఇక్కడే ఉంది. నీటి వేడిని కొలిచే సెన్సారు ఒక నిరోధం. వేడెక్కే కొద్దీ దీని విలువ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 2500 ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓములు. వరదనీరు తగిలి ఆ సెన్సారు కనెక్టరులో చిలుము పట్టి, అక్కడ 2200 ఓముల అదనపు నిరోధం ఏర్పడిందనుకుందాం. ఇంజను 80 డిగ్రీల వేడిమీద ఉన్నా ఈసీఎంకు కనిపించేది 300 + 2200, అంటే 2500 ఓములు. "ఇంజను ఇంకా చల్లగానే ఉంది" అనుకుని పెట్రోలు ఎక్కువ చిమ్ముతుంది. నల్లపొగ వస్తుంది, మైలేజి పడిపోతుంది. తీగ పూర్తిగా తెగిపోతేనే నయం! అప్పుడు కనిపించే విలువ మంచుదేశపు ఉష్ణోగ్రత చూపిస్తుంది. ఖమ్మం ఎండల్లో అది జరిగేది కాదు. పెట్టె అనుమానించి డాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలిగిస్తుంది. కాని నమ్మదగిన అబద్ధాన్ని అది పట్టుకోలేకపోవచ్చు. ఇలాంటి కారుకు కొత్త పెట్టె బిగించినా అదే అబద్ధాన్ని అదీ నమ్ముతుంది.

కాబట్టి మంచి మెకానిక్ మొదట పెట్టెను ముట్టుకోడు, మల్టీమీటరు తీస్తాడు. పెట్టెకు బ్యాటరీ నుంచి 12 వోల్టులు అందుతున్నాయా? ఫ్యూజు, రిలే బాగున్నాయా? సెన్సార్లకు పెట్టె ఇవ్వవలసిన 5 వోల్టులు వస్తున్నాయా? పెట్టె ఎర్తు తీగకూ బ్యాటరీ రుణధ్రువానికీ మధ్య, స్టార్టరు తిరుగుతున్నప్పుడు, వోల్టేజి దాదాపు సున్నా ఉందా? తరువాత వైరింగును పొడుగునా చేత్తో తడిమి చూస్తాడు. అడవి అంచు ఊళ్ళలో వరద రాకపోయినా ఎలుకలూ పందికొక్కులూ ఆ పని చేసి పెడుతుంటాయి.

ఇంకొక కొలత ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఇలాంటి ఇంజెక్టరు తీగచుట్ట నిరోధం సుమారు 12 ఓములు. ఓమ్ నియమం ప్రకారం 12 వోల్టులకు 1 ఆంపియరు ప్రవహిస్తుంది. పెట్టెలోని ట్రాన్సిస్టరు దాన్ని హాయిగా మోస్తుంది. చుట్టలో ఇన్సులేషను పాడై నిరోధం 2 ఓములకు పడిపోతే ప్రవాహం 6 ఆంపియర్లు! ట్రాన్సిస్టరు కాలిపోవచ్చు. ఇప్పుడు పెట్టె చెడిన మాట నిజమే, కాని దాన్ని చంపింది ఇంజెక్టరు. ఆ ఇంజెక్టరును అలాగే ఉంచి వేరే పెట్టె బిగిస్తే తాళం తిప్పిన కాసేపటికే అదీ పోవచ్చు. చర్ల దారిలోనో, చింతూరు అడవిలోనో రాత్రివేళ కారు ఆగిపోయే పరిస్థితి ఇలాగే వస్తుంది.

అన్నీ సరిగా ఉండి పెట్టే పోయిందని తేలితే మార్చడం పెద్ద కష్టం కాదు. ముందు బ్యాటరీ రుణధ్రువం విప్పాలి. ధనధ్రువం ముందు విప్పితే, స్పానరు పొరపాటున కారు బాడీకి తగిలిందా, బాడీ రుణధ్రువానికి కలిసే ఉంటుంది కనుక నిప్పులు కురుస్తాయి. కొత్త పెట్టె మీది నంబరు పాతదానితో అక్షరం అక్షరం సరిపోవాలి. ఒకే కారుకు వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు పెట్టెలు వాడిన సందర్భాలున్నాయి. కనెక్టరు పిన్నులను వేళ్ళతో తాకరాదు, మన ఒంటిమీది స్థిర విద్యుత్తు చాలు చిప్పును చెడగొట్టడానికి. తాళంచెవిలో చిప్పు ఉన్న కార్లయితే కొత్త పెట్టెకు ఆ తాళాన్ని పరిచయం చేయించాలి, లేకపోతే దొంగ అనుకుని స్టార్టు కానివ్వదు. బిగించాక కొద్దిసేపు ఇంజను నిలకడగా తిరగకపోతే కంగారుపడనక్కరలేదు. పాత ఇంజను అలవాట్లను కొత్త పెట్టె నేర్చుకుంటోందన్నమాట.

మరి నీటిలో పెట్టె ఎలా చచ్చిపోతుంది? తడవడం వల్ల అనుకుంటాం. అసలు హంతకి తడి ఒక్కటే కాదు, తడితో పాటు ఉన్న 12 వోల్టులు. తాళం తీసేసినా జ్ఞాపకశక్తి నిలవడానికి చాలా పెట్టెలకు బ్యాటరీ నుంచి విద్యుత్తు అందుతూనే ఉంటుంది. వరదనీటిలో లవణాలుంటాయి కనుక అది విద్యుద్వాహకం. బోర్డుమీది ధన రాగిగీత నుంచి రాగి పరమాణువులు ఎలక్ట్రానులను వదిలి అయానులుగా నీటిలోకి దిగిపోతాయి. మైలుతుత్తం ద్రావణంలో రాగి పలక కరగడం మీరు పాఠంలో చదివినదే. గీత సన్నబడి తెగుతుంది. అందుకే నీరు వస్తోందని తెలియగానే బ్యాటరీ తీగ విప్పించాలి. మునిగిన కారును "చూద్దాం" అని తాళం తిప్పనేకూడదు.

చెడిన పెట్టెను మెకానిక్ పారేస్తుంటే అడిగి తెచ్చుకోండి. మూత విప్పి, భూతద్దంతో బోర్డును చూడండి. ఎక్కడో ఒకచోట రాగిగీత పక్కన పచ్చటి పొడి కనిపిస్తే, అది ఏ పిన్నుకు చేరుతోందో వెనక్కి వెతకండి. చాలా సార్లు అది బ్యాటరీ ధనధ్రువపు తీగ కలిసే పిన్నే అయి ఉంటుంది.