నేల తేమ సెన్సారు రీడింగులలో అస్థిరత: కారణ నిర్ధారణ, నివారణ

నేల తేమను బట్టి డ్రిప్ మోటారును నడిపించే పరికరాలలో, మైక్రోకంట్రోలరు అనలాగ్ ఇన్‌పుట్‌లో నమోదయ్యే రీడింగే సాగునీటి నిర్ణయానికి ఆధారం. నీరు పారని సమయంలో నేల తేమ మెల్లగా మారుతుంది. అటువంటప్పుడు క్షణాలలో రీడింగు పదుల అంకెలు పెరిగి తగ్గుతుంటే లోపం విద్యుత్ వలయంలో ఉన్నట్లు భావించాలి. చాలా సందర్భాలలో కారణం వెదకకుండా రీడింగుల సగటుతో సరిపెడతారు. సగటు హెచ్చుతగ్గులను తగ్గిస్తుంది కాని, ఒకే దిశలో వచ్చే దోషాన్ని తొలగించలేదు.

సరఫరా పరీక్ష: ఆర్డుఇనో యూనో బోర్డు 0 నుంచి 5 వోల్టుల వోల్టేజిని 0 నుంచి 1023 వరకు గల అంకెలుగా మారుస్తుంది. ఒక్కో అంకె సుమారు 4.9 మిల్లీవోల్టులకు సమానం. సాధారణంగా ఈ కొలతకు ప్రమాణం బోర్డుకు అందే 5 వోల్టుల సరఫరాయే. సెన్సారును తొలగించి, ఇన్‌పుట్‌ను బోర్డులోని 3.3 వోల్టుల పిన్నుకు కలిపితే రీడింగు సుమారు 676 ఉండాలి. రిలే పనిచేయగానే అది 711కు చేరితే సరఫరా 4.75 వోల్టులకు పడిపోయినట్లు.

కెపాసిటివ్ సెన్సారులలో నేల ఆరేకొద్దీ రీడింగు పెరుగుతుంది. సొంత రెగ్యులేటరు గల సెన్సారు అవుట్‌పుట్ మారకపోయినా, సరఫరా పడిపోయినప్పుడు రీడింగు పెరిగి తడి నేల పొడిగా కనిపిస్తుంది. ఫలితంగా మోటారు ఆగవలసిన సమయానికి ఆగదు. నీరు, విద్యుత్తు వృథా అవుతాయి. రిలే పనిచేస్తున్నంతసేపూ ఈ దోషం కొనసాగుతుంది కనుక సగటు ఇక్కడ ఉపయోగపడదు. రిలేకు వేరుగా సరఫరా ఇవ్వడమే తగిన నివారణ.

తీగల పరీక్ష: సరఫరా స్థిరంగా ఉంటే తీగలను పరిశీలించాలి. తెగిన తీగ సున్నా చూపుతుందనుకోవడం పొరపాటు. దేనికీ కలపని ఇన్‌పుట్ ఇష్టమొచ్చిన అంకెలు చూపుతుంది. సెన్సారు, బోర్డు గ్రౌండులు కలిసి ఉండాలి. సెన్సారు తీగను మోటారు కేబులుకు దూరంగా వేయాలి. సెన్సారు వైపు నిరోధం 10 కిలో ఓములకు మించితే, బోర్డు దగ్గర ఇన్‌పుట్‌కు, గ్రౌండుకు మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు అమర్చాలి. ఒకే బోర్డుపై అనేక సెన్సారులు ఉంటే, ఇన్‌పుట్ మారిన ప్రతిసారీ మొదటి రీడింగును వదిలివేయాలి.

ప్రోగ్రాములో సవరణ: పై లోపాలు సరిదిద్దిన తరువాతే సగటును వినియోగించాలి. గృహ విద్యుత్తు 50 హెర్ట్‌జ్ కనుక ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. మిల్లీసెకనుకు ఒకటి చొప్పున 20 రీడింగుల సగటు తీస్తే ఆ విద్యుత్తు ప్రభావం చాలావరకు రద్దవుతుంది. మోటారు ప్రారంభానికి, నిలుపుదలకు వేర్వేరు హద్దులు నిర్ణయిస్తే రిలే పదేపదే కొట్టుకోదు.

స్థిరమైన రీడింగు సరైనదే అయి ఉండనవసరం లేదు. అందువల్ల సెన్సారు పక్కనుంచి తీసిన మట్టి నమూనాను తూచి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఆరబెట్టి, తిరిగి తూచి కనుగొన్న తేమతో రీడింగును పోల్చిన తరువాతే హద్దులను ఖరారు చేయాలి.