యాస నేర్పించడానికి అప్పు చేయకండి

‘మా అమ్మాయిది తెలుగు మీడియం. ఢిల్లీ ఆసుపత్రుల్లో నెగ్గుకురాగలదా? ముందు యాక్సెంట్ ట్రైనింగ్ ఇప్పించమంటారా?’ నర్సింగ్ చదివిన పిల్లల్ని ఎయిమ్స్‌కో, గురుగ్రామ్ కార్పొరేట్ ఆసుపత్రులకో పంపాలనుకునే తల్లిదండ్రులు తరచూ అడిగే మాట ఇది. వద్దనే చెబుతాను.

వైద్య పదాలకు నోరు తిరగకపోవడానికి కారణం యాస కాదు, పదాన్ని ఎక్కడ విరవాలో తెలియకపోవడం. పిత్తాశయాన్ని తీసేసే ఆపరేషన్‌ను కోలెసిస్టెక్టమీ అంటారు. స్పెల్లింగ్‌లో మొదట ‘సీహెచ్’ చూసి కొత్తవాళ్లు ‘చోలె’ అనేస్తారు. గ్రీకు మూలం కాబట్టి అది ‘క’గా పలుకుతుంది. కో-లె-సిస్-టెక్-ట-మీ అని ఆరు ముక్కలుగా పలకాలి, ‘టెక్’ దగ్గర నొక్కాలి. అర్థం మాత్రం వేరేచోట విరుగుతుంది. కోలె అంటే పిత్తం, సిస్ట్ అంటే సంచి, ఎక్టమీ అంటే కోసి తీసేయడం. బడిలో సంధులు విడదీసిన పిల్లలకు ఇదేం కొత్త విద్య కాదు. ఈ ఒక్కటి పట్టుబడితే అపెండెక్టమీ, టాన్సిలెక్టమీ వాటంతటవే వస్తాయి. మెరియమ్-వెబ్‌స్టర్ వైద్య నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగానే పలికి వినిపిస్తుంది.

ఎంత బాగా పలికినా తీరని చిక్కులున్నాయి. ఇలియం అంటే చిన్నపేగు చివరి భాగం. ఇలియం అంటే తుంటి ఎముక పైభాగం కూడా. పలుకు ఒకటే, స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా. ఇక్కడ కాపాడేది కేస్ షీట్ చూసుకునే అలవాటే.

నోయిడా, గురుగ్రామ్ ఉద్యోగాలంటూ మెడికల్ కోడింగ్‌కు (రోగి రికార్డులను కోడ్‌లుగా మార్చే పనికి) యాక్సెంట్ ప్యాకేజీ అంటగట్టేవాళ్లతో మరీ జాగ్రత్త. కోడర్లు రాసే సీపీసీ పరీక్షలో 100 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, 4 గంటల సమయం. నోరు విప్పే పనే లేదు. ‘జాబ్ గ్యారంటీ’ అంటే రాతపూర్వకంగా ఇమ్మనండి, వెంటనే మాట మారుస్తారు. విదేశాలకు వెళ్లే నర్సులు రాసే ఓఈటీ ఇంగ్లిష్ పరీక్షలోనూ మాట్లాడే విభాగంలో రోగికి అర్థమయ్యేలా మాట్లాడారా అన్నదే చూస్తారు, అమెరికా యాస పెట్టమనరు.

ఎయిమ్స్‌లో నర్సు ఉద్యోగాలకు రాసే నార్‌సెట్ పరీక్ష కూడా యాస అడగదు. బీఎస్సీ నర్సింగ్ వాళ్లకు అనుభవమూ అక్కర్లేదు. జీఎన్ఎం అయితే 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి.

ఢిల్లీ వార్డులో మీ అమ్మాయికి రోజూ కావాల్సింది హిందీ. బిహార్ నుంచి, యూపీ నుంచి వచ్చిన రోగి ‘సాంస్ ఫూల్ రహీ హై’ అంటే ఆయాసపడుతున్నాడని వెంటనే తెలియాలి. కాబట్టి ఇంగ్లిష్ రాదని పిల్లను నలుగురిలో చిన్నబుచ్చడం మానండి. రైలెక్కే ముందు మూడు నెలలు హిందీ నేర్పించండి.