దూరపు కొండలు, దగ్గరి కొండలు

మంచు దేశములలో శీతకాలమున ఆడు ఆటలలో స్కీయింగు మిక్కిలి ప్రసిద్ధమైనది. మనిషి నిలువంత పొడవుగల రెండు సన్నని బద్దలను పాదరక్షలకు బిగించుకొని, చేతులలో రెండు కర్రలు పట్టుకొని, మంచుపై జారుచు పోవుటయే ఈ క్రీడ. బద్దలు దేహభారమును విశాలముగా పరచుటచే కాలు మంచులో దిగబడదు. కొన్ని వేల ఏండ్లనాడే ఉత్తర ఐరోపా ప్రజలు వేటకును, ప్రయాణమునకును ఈ సాధనమును వాడిరి. పనికై పుట్టినది కాలక్రమమున వినోదమైనది.

మన దేశమున కాశ్మీరములోని గుల్మార్గు, ఉత్తరాఖండములోని ఔలి ఈ క్రీడకు పేరొందిన స్థలములు. తిరుపతి వాసి అచ్చటికి పోవలెనన్న దినముల తరబడి రైలు ప్రయాణమో, విమానపు ఖర్చో తప్పదు. ఐరోపాలోను అనేకులు సంవత్సరమునకొక వారము సెలవు పెట్టి, చాల ధనము వెచ్చించి ఆల్ప్సు పర్వతములకు పోవుదురు. ఏడాది పొడవున కుర్చీలో కూర్చున్న శరీరము ఆ వారమున ఒక్కసారిగా శ్రమకు లోనగును. అలవాటు కుదురునంతలో సెలవు ముగియును.

అయితే ఈ ఆనందమునకు సుదీర్ఘమైన సెలవు అవసరమా? నార్వే దేశపు రాజధానియైన ఓస్లో నగర ప్రజలు అక్కరలేదని చూపుచున్నారు. ఆ నగరమును ఆనుకొని నూర్‌మార్కా అను గొప్ప అడవి కలదు. 1898లో హోల్మెన్‌కోలెన్ కొండవైపు రైలుమార్గము వేసిరి. నేటికిని విద్యార్థులు, ఉద్యోగులు స్కీలను భుజమున వేసుకొని నగరపు రైలెక్కి అడవి అంచున దిగుదురు. డిసెంబరులో అచ్చట మధ్యాహ్నము మూడున్నర కాకముందే సూర్యుడస్తమించును. అందుచే అడవి బాటలలో కొన్నింటి వెంబడి విద్యుద్దీపములు నిలిపిరి. పని ముగిసిన పిదప ఒక గంట మంచుపై తిరిగి, రాత్రి భోజనమునకు ఇల్లు చేరవచ్చును. నార్వే పిల్లలు కాళ్ళకు స్కీలతోనే పుట్టుదురని వారి దేశమున ఒక నానుడి. ఆ నేర్పు పుట్టుకతో వచ్చినది కాదు. కొంచెము కొంచెముగా, తరచుగా చేసిన సాధన వలన వచ్చినది.

ఆ అడవి దానంతట అది మిగిలియుండలేదు. పెరుగుచున్న నగరము దానిని మ్రింగివేయకుండుటకై, అడవిలో కట్టడములను అరికట్టు ప్రత్యేక శాసనమును ఆ దేశము చేసినది. అది 2009లో అమలులోనికి వచ్చినది. చేరువనున్న సుఖమును కాపాడుకొనుటకు కూడ శ్రమ కావలయును.

చిత్తూరు సీమలో మంచు కురియదు. కాని ఓస్లో ప్రజలకు అడవి ఎంత చేరువో, తిరుపతి ప్రజలకు శేషాచలము అంత చేరువ. అలిపిరి నుండి తిరుమలకు పోవు దారిలో సుమారు 3,550 మెట్లు కలవు. దూరము ఇంచుమించు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీనివాసమంగాపురము వైపునుండి పోవు శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. దూరము రెండు కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ. అలిపిరి దారిలో గాలిగోపురము వరకు నిలువెక్కుడు. అటుపిమ్మట కొంతదూరము నడక సుఖముగా సాగును. తుదకు మోకాళ్ళమెట్టు ఎదురై బలమును పరీక్షించును. పసివాడైన అన్నమయ్య ఆకలితో అలసి అచ్చటనే నిద్రపోయెనని ఐతిహ్యము.

భక్తితో ఎక్కువారికి అది యాత్ర. కనులు తెరచి ఎక్కువారికి పాఠశాల కూడ. ఎఱ్ఱచందనము సహజముగా పెరుగు ప్రదేశములు లోకమున మిక్కిలి తక్కువ. వానిలో ఈ కొండలు ముఖ్యమైనవి. ఆలయమునకు సుమారు ఒక కిలోమీటరు దూరమున శిలాతోరణము కలదు. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తుగల ఆ కమానును మనుష్యులు కట్టలేదు. గాలియు నీరును యుగముల తరబడి చెక్కినవి. ఘాటు రోడ్డు ప్రక్కన ఒకచోట అతిప్రాచీనమైన గ్రానైటుపై దానికంటె అనేక కోట్ల సంవత్సరములు చిన్నదైన శిల నేరుగా కూర్చున్నది. నడుమ గడచిన కాలమునకు రాతిలో గుర్తే లేదు. దూరదేశముల విద్వాంసులు వచ్చి చూచు ఈ వింత, ఊరివారికి దినమును బస్సు కిటికీలోనుండి దాటిపోవు గోడ మాత్రమే! మదనపల్లె వైపువారికి 1,265 మీటర్ల ఎత్తుగల హార్స్‌లీ కొండలును, భాకరాపేట వైపువారికి తలకోన జలపాతమును ఇట్లే చేరువ. ఉదయమున బయలుదేరినచో సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును.

కొండ చేరువైనంత మాత్రమున దానిని తేలికగా తీసికొనరాదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి ఒక బాలికను బలిగొన్నది. అటుపిమ్మట మధ్యాహ్నము రెండు గంటలు దాటిన తరువాత పిల్లలను నడకదారిలో పంపరాదని దేవస్థానమువారు నియమము చేసిరి. అడవి మృగముల ఇల్లు. మనుష్యుడు అచ్చట అతిథి. కావున పగటివేళ, పెద్దలతో, గుంపుగా నడువవలెను. పిల్లలు ముందుకు పరుగెత్తరాదు. అప్పటి నియమములను ముందుగా తెలిసికొనవలెను. త్రాగునీరు వెంట నుంచుకొనవలెను. తిన్న పదార్థములను దారిలో పారవేసినచో వానికై జంతువులు బాటకు చేరును. ఒకరి అజాగ్రత్త వెనుక వచ్చువారికి ప్రమాదమగును. దిగునపుడు తొందరపడినచో మోకాళ్ళు నొచ్చును.

దూరపు కొండలు నునుపని పెద్దలన్నారు. గుల్మార్గునో ఆల్ప్సునో చూడగోరుట తప్పు కాదు; వీలు కలిగినపుడు చూడవలసినదే. కాని ఆ దినమునకై ఎదురుచూచుచు ఇంటిముందరి కొండను ఎక్కకుండుట గొప్ప నష్టము. నెలకొకసారి కొండనెక్కు బాలుని కాళ్ళకు బలము, ఊపిరికి నిలుకడ కలుగును. ఏ చెట్టు ఏ మాసమున పూచునో అతడు తనంతట తానే తెలిసికొనును. ఎన్నడైన మంచు దేశమునకు పోవు అదృష్టము పట్టినచో, అచ్చటి కొండయు వానిని క్రొత్తవానిగా చూడదు.

ప్రశ్నలు
1. ఓస్లో ప్రజలు సుదీర్ఘమైన సెలవు లేకుండగనే స్కీయింగు చేయుటకు ఏయే సౌకర్యములు తోడ్పడుచున్నవి?
2. తిరుమల కొండలలో శిలల వలన తెలియు విశేషములను వివరింపుము.
3. ‘దూరపు కొండలు నునుపు’ అను సామెత ఈ పాఠమునకు ఎట్లు వర్తించును?
4. మీ ఊరికి చేరువలోనున్న కొండను గాని, అడవిని గాని వర్ణించి, దానిని కాపాడుటకు ఏమి చేయవలెనో పది వాక్యములలో వ్రాయుము.