పాత సవరను కొనొచ్చా?

ప్రశ్న: జీడిపిక్కలమ్మిన డబ్బుతో ఐదో జార్జి బొమ్మున్న సవరన్లు కొనొచ్చా? – ఓ పాఠకుడు, నిమ్మాడ

జవాబు: బంగారం ధరకు దగ్గరగా వస్తే కొనండి. సవరను బరువు 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. అందులో మేలిమి 7.32 గ్రాములే. ‘పాతదండీ’ అని ఎక్కువ అడిగితే ఒప్పుకోకండి, ఇవి కోట్లలో అచ్చయ్యాయి. 1918లో బొంబాయిలో కొట్టినవాటికి మాత్రం గుర్రపు వీరుడి కింద, ఏడాది అంకెకు పైన సన్నగా ఇంగ్లిష్ ‘ఐ’ కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూడండి. ఇత్తడి బంగారం కన్నా తేలిక కాబట్టి, నకిలీది తూకం సరిపోతే మందంగా ఉంటుంది. కాసులపేరులోంచి ఊడదీసినదైతే అంచున అతుకు మచ్చ ఉంటుంది. దానికి బంగారం విలువే కట్టండి. టెక్కలిలోనో పలాసలోనో మెషీన్ మీద పరీక్ష చేయించి, బిల్లు తీసుకున్నాకే డబ్బివ్వండి.