బర్నబా పుట్టిన ద్వీపము

పాఠ్య భాగములు: అపొ. కార్యములు 4:36, 37, 13:1-12, 15:36-39, ఎఫెసీయులకు 2:13-18.



ఆదివారపు బడిలో అపొస్తలుల కార్యములు చదివిన వారందరికి కుప్ర ద్వీపము తెలిసినదే. అంతియొకయ సంఘము ఉపవాసముండి, ప్రార్థన చేసి, బర్నబాను సౌలును సాగనంపినప్పుడు వారు మొదట ఓడ దిగినది ఆ ద్వీపముననే. తూర్పు తీరముననున్న సలమీలో వాక్యము ప్రకటించి, ద్వీపమంతట సంచరించి, పడమటి తీరముననున్న పాఫు చేరిరి. అక్కడ అధిపతియైన సెర్గి పౌలు విశ్వసించెను. వార్తాపత్రికలలో సైప్రస్ అని మనము చదువు దేశమే ఈ కుప్ర.

నేడు సలమీ శిథిలములు ద్వీపపు ఉత్తర భాగములో నున్నవి. పాఫు దక్షిణ భాగములో నున్నది. రెంటికి నడుమ సుమారు 180 కిలోమీటర్ల పొడవున ఒక గీత సాగుచున్నది. రాజధానియైన నికోసియా పట్టణమును సయితము అది రెండుగా కోయుచున్నది. ఆ దైవజనులు నడచిన త్రోవను నడువగోరువాడు నేడు కావలివారికి తన పత్రములు చూపి గీత దాటవలెను.

గోదావరిఖనిలో షిఫ్టు దిగి ఇల్లు చేరిన మనకు, పొలములో నాట్లు వేయించుకొను మనకు, ఆ దూరదేశపు తగవుతో నేమి పని అని కొందరడుగవచ్చును. ఈ పాఠము చివరి వరకు చదివిన యెడల, ఆ గీత మన గడపకు ఎంత దగ్గరగా నున్నదో తెలియగలదు.

1. చీలిక ఎట్లు వచ్చెను?

కుప్ర 1571 నుండి టర్కీ సుల్తానుల యేలుబడిలో నుండెను. 1878లో పాలన ఆంగ్లేయుల చేతికి వచ్చెను. 1960 ఆగస్టు 16న స్వతంత్రమైనప్పుడు ద్వీపవాసులలో నూటికి సుమారు 80 మంది గ్రీకు భాష మాటలాడు క్రైస్తవులు, సుమారు 18 మంది టర్కీ భాష మాటలాడు ముస్లిములు. అధ్యక్షుడు గ్రీకు జనములో నుండియు, ఉపాధ్యక్షుడు టర్కీ జనములో నుండియు ఉండవలెనని రాజ్యాంగము విధించెను. బ్రిటను, గ్రీసు, టర్కీ దేశములు హామీదారులుగా నిలిచెను.

మూడేండ్లు గడచినవో లేదో, 1963 డిసెంబరులో రక్తపాతము జరిగెను. ఒక ఆంగ్ల సేనాధిపతి పటము మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీచిన గీతకు ఆకుపచ్చ గీత అను పేరు నిలిచిపోయెను. 1964 మార్చిలో ఐక్యరాజ్య సమితి శాంతి సేనను ఏర్పరచెను. దానికి మొదటి సేనాని మన దేశస్థుడైన జనరల్ జ్ఞానీ. తరువాత వచ్చిన జనరల్ తిమ్మయ్యగారు కొడగు దేశపువారు. 1965 డిసెంబరు 18న ఆ ద్వీపముననే విధి నిర్వహణలో కన్నుమూసిరి. పరుల తగవు తీర్చుటకు వెళ్లిన మన దేశపు బిడ్డను ఈ పాఠములో జ్ఞాపకము చేసికొనుట న్యాయము.

1974 జూలై 15న, ద్వీపమును గ్రీసులో కలుపగోరిన వారు, గ్రీసు సైనిక పాలకుల ప్రోద్బలముతో ప్రభుత్వమును కూలద్రోసిరి. అయిదు దినములకు టర్కీ సేనలు దిగెను. ఆగస్టులో పోరు నిలిచునప్పటికి ద్వీపములో మూడవ వంతునకు మించిన భాగము వారి వశమాయెను. సుమారు 1,60,000 మంది గ్రీకు జనము దక్షిణమునకును, సుమారు 45,000 మంది టర్కీ జనము ఉత్తరమునకును ఇండ్లు వాకిళ్లు విడిచి పోయిరి. 1983లో ఉత్తర భాగము ప్రత్యేక రాజ్యమని ప్రకటించుకొనెను గాని టర్కీ తప్ప మరి ఏ దేశమును దానిని గుర్తింపలేదు.

2. గని కార్మికుల సాక్ష్యము

వారు పుట్టుకతోనే శత్రువులా? కారు. రాగికి లాటిను భాషలోనున్న కుప్రుము అను పేరు ఈ ద్వీపపు పేరునుండి వచ్చినదే. అంత పురాతనమైన రాగి అక్కడ దొరకును. 1948లో ఆ గనులలో గ్రీకు కార్మికులును టర్కీ కార్మికులును ఏకమై, కూలి కొరకును మంచి వసతుల కొరకును నెలల తరబడి సమ్మె చేసిరి. ఆకలి ఇరువురి ఇండ్లలో ఒక్కటే.

ఇది మన బొగ్గుబాయి వారికి చెప్పనక్కరలేదు. బాయిలో దిగినవానికి ప్రక్కనున్నవాని కులమును గాని భాషను గాని అడుగు తీరిక యుండదు. పైకప్పు చప్పుడు చేసినప్పుడు ఎవడు పిలిచినను ఆ పిలుపే ప్రాణము. అయితే కుప్రలో 1958 నాటికి రెండు జనముల నడుమ కొట్లాటలు రేగి, కార్మిక సంఘములును వేరుపడెను. భూమి క్రింద కలసినవారు భూమిమీద చీలిరి. చీలిక ఆకాశమునుండి పడినది కాదు, మనుష్యులు చేసినది. చేసినవారే దానిని బాగుచేయవలెను.

3. బల్లయొద్ద కూర్చున్నవారు

1977లో గ్రీకు జనముల నాయకుడైన మకారియోస్, టర్కీ జనముల నాయకుడైన డెంక్టాష్ సమావేశమై, రెండు జనములు కలసిన సమాఖ్య రాజ్యముగా ద్వీపము ఉండవలెనని ఒప్పుకొనిరి. నాటినుండి ఎందరో రాయబారులు వచ్చిరి, వెళ్లిరి. ఐక్యరాజ్య సమితి కార్యదర్శి కోఫీ అన్నన్ సిద్ధపరచిన ఒప్పందమును 2004 ఏప్రిల్ 24న ఇరువైపుల ప్రజల యెదుట పెట్టిరి. టర్కీ జనములో నూటికి సుమారు 65 మంది ఔననిరి. గ్రీకు జనములో నూటికి సుమారు 76 మంది కాదనిరి. ఒక వారము గడువగనే ద్వీపము ఐరోపా సమాఖ్యలో చేరెను. గీత మాత్రము అట్లే యుండెను.

కాదన్నవారిని మనము తొందరపడి నిందింపరాదు. పరదేశపు సేనలు పూర్తిగా వెళ్లవని, తమ ఇండ్లకు తాము తిరిగి పోలేమని వారు భయపడిరి. ఔనన్నవారికిని భయము లేకపోలేదు. 1963 మరల వచ్చిన యెడల తమను కాపాడువారెవరని వారి ప్రశ్న. 2017లో స్విట్జర్లాండు దేశములో మరల కూర్చుండిరి. అక్కడను సేనల యొక్కయు హామీల యొక్కయు ప్రశ్న వద్ద చర్చలు జూలై 7 తెల్లవారుజామున విరిగిపోయెను. 2021లో ఉత్తరపు నాయకుడు రెండు రాజ్యములే కావలెననెను. 2025 అక్టోబరులో అక్కడి ప్రజలు సమాఖ్యను కోరు ఎర్హుర్మన్‌ను ఎన్నుకొనిరి. ఆ సంవత్సరమును ఒప్పందము లేకయే ముగిసెను.

4. పొలము అమ్మినవాడు

ఇన్ని సంవత్సరములు తేలని ప్రశ్నలలో గట్టి ప్రశ్న ఒకటి ఆస్తి. నేడు ఒకరు కాపురమున్న ఇల్లు ఒకప్పుడు మరియొకరిది. వెళ్లగొట్టబడినవాని యొద్ద తాళపు చెవి యున్నది; ఉన్నవాని బిడ్డలు ఆ ఇంటనే పుట్టిరి. ఎవరిని పంపవలెను? ఎవరికి పరిహారమియ్యవలెను? ఓపెన్‌కాస్టు గనులకొరకు ఊళ్లు లేచిపోయిన మన ప్రాంతపు వారికి ఈ దుఃఖము పుస్తకములోని సంగతి కాదు. డబ్బు చేతికి వచ్చినను, తాత నాటిన వేపచెట్టునకు వెల యెవరు కట్టగలరు?

ఇప్పుడు బర్నబాను చూడుడి. అతడు కుప్రలో పుట్టిన లేవీయుడు. లేఖనములలో అతనిగూర్చిన మొదటి మాటయే భూమిని గూర్చిన మాట. అతడు తన పొలమును అమ్మి, ఆ వెల తెచ్చి అపొస్తలుల పాదముల యొద్ద పెట్టెను. ఎవడును అతనిని బలవంతము చేయలేదు. నాది అను హక్కు అతనికి నిజముగానే యుండెను. నిజమైన హక్కును సహోదరుల నిమిత్తము తన చేతులతో వదలుకొనెను.

దీనివలన, ఇల్లు పోగొట్టుకొన్నవారు నోరు మూసికొనవలెనని మేము చెప్పుట లేదు. అన్యాయమును అన్యాయమనియే పిలువవలెను. అయితే బాయిలో పనిచేయువారు ఒక సంగతి ఎరుగుదురు. బొగ్గు తీయునప్పుడు నడుమ నడుమ బొగ్గు స్తంభములను విడిచిపెట్టుదురు. అదియు మంచి బొగ్గే, దానికిని వెలయున్నది. విడిచిన ఆ బొగ్గే పైకప్పును మోయును. స్తంభములను తీసిన చోట కప్పు కూలును. మనుష్యులు అక్కడ నిలువరాదు. ఇరుపక్షములవారు కొంత విడువనిదే ఏ కప్పును ఇద్దరి తలలపై నిలువదు.

5. చిన్న పనులలో నమ్మకము

నాయకుల మాటలు తెగినప్పుడును కొన్ని పనులు సాగెను. 1970ల చివర నికోసియా రెండు భాగముల పెద్దలు డెమెత్రియాదెస్, అకింజీ అనువారు పట్టణపు మురుగు కాలువలను కలసి కట్టించుకొనిరి. మురుగునకు సరిహద్దు తెలియదు గదా! ఆ అకింజీయే 2017లో టర్కీ జనముల తరపున చర్చలకు కూర్చుండెను.

మరియొకటి. ఆ కలహములలో జాడ తెలియకుండ పోయినవారు 2,002 మంది. వారిలో 1,510 మంది గ్రీకులు, 492 మంది టర్కీలు. వారి యెముకలను వెదకుటకు 1981లో ఏర్పడిన సంఘములో ఇరుజనములవారు కలసి భూమి త్రవ్వుచున్నారు. వెయ్యిమందికి పైగా ఎవరో గుర్తించి వారి ఇండ్లవారికి అప్పగించిరి. తన కుమారుని సమాధి యొద్ద ఏడ్చు తల్లికి, ఆ యెముకలు వెదకి తీసినవారిలో అవతలి జనపు యువతి యొకతె యుండెనని తెలిసిన యెడల, ఏ ఒప్పంద పత్రము చేయలేని పని అక్కడ జరుగును.

6. మన సంఘములకు పాఠము

మేము పల్లెలు తిరుగునప్పుడు చూచిన దొకటి చెప్పవలెను. ఒకే వీధిలో రెండు మందిరములు. ఒకే తల్లి కడుపున పుట్టినవారు క్రిస్మసు నాడు ఒకరి గుమ్మము ఒకరు తొక్కరు. ఇంట మరణము సంభవించినను, సమాధుల తోట ఎవరిదని మొదట వివాదము. దానికి మూలము వెదకిన యెడల సిద్ధాంతము కాదు. ఒక లెక్కల పుస్తకము, ఒక స్థలపు పట్టా, ఒకనాటి మాట. మన పల్లెలోను ఆకుపచ్చ గీత యున్నది.

అయితే మన తెలుగు సంఘములకు వేరొక చరిత్రయు కలదు. 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యతా చర్చలు 28 సంవత్సరములు నడచి, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా ఫలించెను. సింగరేణి బొగ్గు దారిలోని డోర్నకల్‌లో బిషపుగానుండిన అజరయ్యగారు దానికొరకు శ్రమపడి, ఫలము చూడకయే 1945 జనవరి 1న నిద్రించిరి. నంద్యాల ప్రాంతపు సంఘములలో అనేకులు ఆనాడు వెలుపలనే నిలిచిరి. వారిని ఎవరును బలవంతపెట్టలేదు. 1975లో వారును చేరిరి. నేడు కాదన్నవాడు రేపటి సహోదరుడు కావచ్చును. వాకిలి మాత్రము మూయరాదు.

బర్నబాయు పౌలును సయితము మార్కును గూర్చి తీవ్రముగా విభేదించి వేరైరి. అప్పుడు బర్నబా మార్కును వెంటబెట్టుకొని వెళ్లినది కుప్రకే. సంవత్సరములు గడచిన పిమ్మట చెరలోనున్న పౌలు ఆ మార్కునే తన యొద్దకు తీసికొని రమ్మని తిమోతికి వ్రాసెను. తీరని తగవని ఎవరనగలరు? అడ్డుగోడను పడగొట్టిన క్రీస్తు మన సమాధానమై యుండగా, మనము మరల ఇటుకలు పేర్చుట తగునా?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. బర్నబా పొలము అమ్ముటకును, ఒకడు తన హక్కును బలవంతముగా పోగొట్టుకొనుటకును గల భేదమేమి?
2. మన సంఘములో ఎవరితో మాటలు తెగియున్నవి? వారితో కలసి చేయదగిన చిన్న పని యేది?
3. పైకప్పు నిలుచుటకు మనము విడువవలసిన స్తంభమేది?

ప్రార్థన

ప్రభువా, కుప్ర ద్వీపవాసులను ఇరువైపుల జ్ఞాపకము చేసికొనుము. తమవారి యెముకల కొరకు కనిపెట్టుకొనియున్న తల్లులను ఆదరించుము. బల్లయొద్ద కూర్చున్నవారికి ఓర్పు నిమ్ము. మా వీధిలోని గీతను మొదట మేమే దాటునట్లు మాకు ధైర్యము దయచేయుము. ఆమేన్.