కారు ఏసీ ఫ్యాన్ తిరగదు, గ్యాస్ బిల్లు మాత్రం వస్తుంది

ప్రశ్న: మాది ఆదిలాబాద్. ఎనిమిదిన్నర లక్షలు పెట్టి హైదరాబాద్‌లో కారు కొన్నాం. ఏసీ ఫ్యాన్ ఒకటి, రెండు, మూడు నంబర్లలో తిరగదు. నాలుగులో పెడితే హోరుమంటుంది. హీటర్ పెట్టినా అదే వరస. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే రెండుసార్లు గ్యాస్ నింపి డబ్బు తీసుకున్నారు. వారంటీ గడువు దగ్గర పడింది. కారు మార్చి ఇమ్మని కేసు వేయొచ్చా?

జవాబు: కేసు వేయొచ్చు. కానీ ఈ ఒక్క లోపానికి కారే మార్చి ఇవ్వమంటే వినియోగదారుల కమిషన్ ఒప్పుకోవడం కష్టం. వారంటీ షరతు ప్రకారం చెడిన భాగాన్ని బాగుచేయడమో మార్చడమో కంపెనీ బాధ్యత తప్ప, మొత్తం కారు మార్చాలనడం కుదరదని 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉచితంగా రిపేరు, గ్యాస్‌కు కట్టిన సొమ్ము వాపసు, పడ్డ ఇబ్బందికి పరిహారం, కేసు ఖర్చులు అడగండి. వీటికి మీ పక్షాన గట్టి ఆధారం ఉంది.

ఆ ఆధారం మీరు చెప్పిన లక్షణంలోనే ఉంది. గ్యాస్ తగ్గితే గాలి చల్లబడదు, ఫ్యాన్ ఆగిపోదు. పైగా ఏసీకీ హీటర్‌కీ గాలి తోసేది ఒకటే బ్లోయర్. రెండింటిలోనూ చివరి స్పీడ్ ఒక్కటే పనిచేస్తోందంటే ముందుగా చూడాల్సింది, తక్కువ స్పీడ్ల కోసం కరెంటును తగ్గించే బ్లోయర్ రెసిస్టర్‌ని. నాలుగో నంబరులో కరెంటు రెసిస్టర్‌తో పని లేకుండా నేరుగా మోటారుకు వెళ్తుంది. అందుకే రెసిస్టర్ కాలిపోయినా ఆ స్పీడ్ బతికే ఉంటుంది. కొత్తది వేసినా మళ్ళీ కాలితే, మోటారు బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగుతోందేమో చూడాలి. ఇదంతా ఏసీ మెకానిక్కులకు తెలిసిన సంగతే. ఈ పరీక్ష చేయకుండా గ్యాస్ నింపి డబ్బు వసూలు చేయడం, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చెప్పే సేవాలోపం కిందికి వస్తుందని గట్టిగా వాదించవచ్చు.

ఇక జాబ్ కార్డు. చాలా కేసులు నీరుగారేది ఇక్కడే. సర్వీస్ అడ్వైజర్ 'ఏసీ చెక్' అని రెండు ముక్కలు గీకేస్తాడు, మనం సంతకం పెట్టి వచ్చేస్తాం. అలా వదలకండి. 'బ్లోయర్ 1, 2, 3 స్పీడ్లలో తిరగడం లేదు, 4లో మాత్రమే తిరుగుతోంది, ఏసీలోనూ హీటర్‌లోనూ ఇంతే' అని రాయించి, కిలోమీటర్ల రీడింగ్, తేదీ ఉన్నాయో లేదో చూసుకుని ఫొటో తీసుకోండి. నాబ్ తిప్పుతూ ఫోన్‌లో వీడియో తీయండి. భాగం మారిస్తే పాతది చూపించమనండి. బిల్లు అడిగి తీసుకోండి, ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార విధానమే. అదే ఫిర్యాదు డీలర్‌కీ కంపెనీకీ ఈమెయిల్ చేయండి. వారంటీలో ఉండగా రాతలో పెట్టిన లోపాన్ని, బాగుచేయకుండా కాలం గడిపి 'గడువు అయిపోయింది' అంటే ఆ వాదన నిలవడం కష్టం. ఈ వారంలోనే వెళ్ళి రాయించండి.

ఫిర్యాదులో భద్రత సంగతి తప్పక పెట్టండి. చలికాలం పొద్దున్నే ముందు అద్దం లోపల ఆవిరి పట్టేస్తే, దాన్ని పోగొట్టేది ఈ ఫ్యాన్ తోసే గాలే. దీన్ని సౌఖ్యం కోసం పడే గొడవగా కొట్టిపారేయనివ్వకూడదు.

వారంటీ ఉండగా వైరింగ్ మాత్రం బయట విప్పించకండి, కంపెనీకి సాకు దొరుకుతుంది. ఫ్యూజు మార్చాల్సి వస్తే అదే ఆంపియర్‌ది వేయాలి. పెద్దది వేస్తే వైర్లు కాలిపోతాయి.

ఈమెయిల్‌కు స్పందన లేకపోతే 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఇందుకోసం హైదరాబాద్ తిరగక్కర్లేదు. 2019 చట్టం మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకునే వీలిచ్చింది. ఈ-జాగృతి పోర్టల్‌లోనూ దాఖలు చేయొచ్చు. చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషనే వింటుంది. మీ కారు ధరకు ఫీజు 200 రూపాయలు. వివాదం పుట్టిన నాటినుంచి రెండేళ్ళలో వేయాలి. డీలర్‌ని, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే తప్పు వాళ్ళదంటే వాళ్ళదని ఒకరిమీద ఒకరు తోసుకుంటారు. పరీక్ష చేస్తేగానీ లోపం తేలదనిపిస్తే కమిషనే నిపుణుల పరీక్షకు పంపగలదు.

క్యాబ్ నడుపుకునేవారు 'మాది వ్యాపారం కదా, మాకు వర్తించదు' అని ఊరుకుంటారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కారు కొని నడుపుకుంటుంటే, వారూ ఈ చట్టం కింద వినియోగదారులే.